లైసెన్సు తుపాకీకి ఏ బోర్ దండగ?

"పాయింట్ త్రీటూ తీసుకోబాకన్నా, దాంతో కుక్క కూడా చావదు" అంటాడొకడు. "థర్టీ ఓ సిక్స్ అయితే తిరుగే లేదు" అంటాడింకొకడు. నెల్లూరులోనో ఒంగోలులోనో కలెక్టరేట్ నుంచి ఆయుధ లైసెన్సు చేతికొచ్చిన మనిషికి మొదటి వారంలోనే ఇలాంటి సలహాలు వచ్చి పడతాయి. వాటిలో ముప్పాతిక భాగం అమెరికా వీడియోల్లోంచి దిగినవే. అక్కడ అంగడి నిండా తూటాలు, ఒక్కో ఇంట్లో అరడజను తుపాకులు. ఇక్కడి లెక్క వేరు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించాక మామూలు లైసెన్సుదారు దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. అంతకు ముందు మూడు ఉండేవి. పనికిరాని బోర్ (గొట్టం లోపలి కొలత, ఏ తూటా పడుతుందో దాన్ని బట్టే) ఒకటి కొన్నారంటే మీ వాటాలో సగం దానికే పోయినట్టు. తాత కాలం నాటి తుపాకీ వారసత్వంగా వస్తే అదీ ఈ రెంటిలో ఒకటే. పొరపాటు తెలిశాక అమ్ముదామన్నా గబుక్కున కుదరదు. కొనేవాడి పేరు, చిరునామా రాసి కలెక్టరుకో దగ్గరి పోలీస్ స్టేషనుకో తెలిపి 45 రోజులు ఆగాలి.

కాబట్టి ఇక్కడ దండగ అంటే దెబ్బ తక్కువని కాదు. తూటా మన దేశంలో తయారవుతోందా, అంగట్లో అడిగినప్పుడు దొరుకుతుందా అన్నది ముందు చూడాలి. మీ పనికి, మీ నేలకు అది సరిపోతుందా అన్నది ఆ తర్వాత. పేలకపోతే, ఇరుక్కుంటే, గురి తప్పితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. శక్తి సంగతి వీటన్నిటి తర్వాతే.

అసలు చర్చలోకే రానివి

9 ఎం.ఎం., .45 రిమ్‌లెస్ (అడుగున అంచు బయటికి పొడుచుకురాని) సర్వీసు తూటాలు గానీ, .380, .455 రిమ్ ఉన్న తూటాలు గానీ పట్టే పిస్తోలైనా రివాల్వరైనా నిషేధిత బోర్ కిందికి వస్తుంది. .303, 7.62 సర్వీసు తూటాలు పట్టే రైఫిళ్లూ అంతే. సైన్యం, పోలీసులు వాడే తూటా డిపో నుంచి బయటికి పొక్కినా బయటివాళ్ల తుపాకీలో పట్టకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఇదే పద్ధతి. మన దేశంలో .32కూ .315కూ ఇంత పేరు రావడానికి కారణం కూడా ఇదే. 9 ఎం.ఎం. దెబ్బ .32 కన్నా మూడింతలు అనే వాదన నిజమే, కానీ మామూలు లైసెన్సు మీద దాన్ని కొనలేనప్పుడు ఆ వాదనతో ఒరిగేదేమీ లేదు.

గొట్టం 20 అంగుళాల కంటే పొట్టిగా ఉన్న నున్న బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకీ కూడా నిషేధమే. గదిలో తిప్పుకోడానికి వీలుగా ఉంటుందని పాత డబుల్ బ్యారల్ గొట్టం కోయిస్తే, లైసెన్సు ఉన్న ఆయుధం కాస్తా కేసు అవుతుంది.

.25: మొదటి బహుమతి దీనికే

జేబు పిస్తోలు, అరచేతిలో ఇమిడిపోతుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. 6.35 ఎం.ఎం. అన్నా ఇదే. 1905 ప్రాంతంలో జాన్ బ్రౌనింగ్ చేసిన తూటా. చిన్న పిస్తోళ్లలో .22 రిమ్‌ఫైర్ (అంచులో మందు ఉండే తూటా) సరిగా పేలక ఇబ్బంది పెడుతున్న రోజుల్లో, మధ్యలో ప్రైమర్ (తూటాను అంటించే మందు బిళ్ల) ఉన్న బుల్లి తూటా కావాలని దీన్ని తయారుచేశారు. గుండు బరువు 50 గ్రెయిన్లు, అంటే మూడు గ్రాముల పైచిలుకు. శక్తి 90 జౌళ్ల లోపే. రైఫిల్లోంచి వచ్చే .22 దీనికి దాదాపు రెట్టింపు.

అది పోనిద్దాం. అసలు చిక్కు తూటా దగ్గర వస్తుంది. మన ఫ్యాక్టరీల .32 లాగా ఇది నడిచే సరుకు కాదు. దొరికేది చాలావరకు పాత దిగుమతి డబ్బా, ధర ఎక్కువ, ఎన్నేళ్ల నాటిదో చెప్పలేం. సాధనకు పది తూటాలు కాల్చాలన్నా చెయ్యి రాదు. సాధన లేని జేబు పిస్తోలుతో, వేలెడంత గొట్టంతో, గురి చూసుకునే గుర్తు కూడా సరిగా లేకుండా ఐదు మీటర్ల అవతల ఉన్నదాన్ని కొట్టడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. వారసత్వంగా వచ్చి ఉంటే, లైసెన్సులో స్థానం ఆక్రమించుకుని కూర్చునేది ఇదే. తీసేసే ఆలోచన చేయాల్సింది ముందు దీన్నే.

రెండు .32లు, ఒకటి కాదు

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడ. డబ్బా మీద .32 అని ఉంటే చాలు అనుకుంటారు. రివాల్వర్‌కు వాడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896 నాటిది. అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. 98 గ్రెయిన్ల సీసపు గుండు, వేగం సెకనుకు సుమారు 215 మీటర్లు, శక్తి 150 జౌళ్ల దరిదాపు. పిస్తోలుకు వాడేది .32 ఏసీపీ, 1899 నాటిది, 7.65 ఎం.ఎం. బ్రౌనింగ్ అన్నా అదే. 71 గ్రెయిన్ల రాగి తొడుగు గుండు, వేగం 270 మీటర్ల పైన, శక్తి 175 జౌళ్ల చుట్టూ. అంచు ఉంటుంది గానీ కనీకనపడనంత.

లాంగ్ తూటా పిస్తోలు మ్యాగజైన్లో పట్టనే పట్టదు కాబట్టి అటువైపు ప్రమాదం లేదు. ఇటువైపే ఉంది. ఏసీపీ తూటా కొన్ని రివాల్వర్ల గదిలోకి (తూటా కూర్చునే చాంబర్‌లోకి) జారిపోతుంది, ఆ సన్నటి అంచు మీద నిలబడుతుంది. దాని పీడనం లాంగ్ కన్నా ఎక్కువ. పాత బెల్జియం, స్పెయిన్ మడత రివాల్వర్లలో (గొట్టం కిందికి మడిచి తెరిచేవి) ఇలా కాలిస్తే తూటా ఒర చీలొచ్చు, గది పగిలినా పగలొచ్చు. డబ్బా కొనేటప్పుడు .32 అన్న అంకెను పట్టించుకోవద్దు, దాని పక్కన ఏం రాసుందో చదవండి. లైసెన్సులో కూడా రివాల్వర్ అని ఉందా పిస్తోలు అని ఉందా చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. .32 దండగా? అంతర్జాతీయ వాదనల్లో దీనికి చివరి బెంచీయే. మన దగ్గర మాత్రం కాదు. తూటా పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారవుతుంది, కేఎఫ్ ముద్రతో వస్తుంది. తుపాకులు కూడా ఇక్కడివే. పాత వెబ్లీ నమూనా మీద కాన్పూర్‌లో చేసిన ఆరు తూటాల మడత రివాల్వర్, 2014లో వచ్చిన అరకిలో బరువు నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్, పిస్తోలు కావాలంటే అశని. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి రెండో తూటా కూడా మొదటిదాని పక్కనే పడుతుంది. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీల్లో షూటర్లు ఏరికోరి ఈ లాంగ్ తూటానే వాడతారంటే గురికి లోటు లేనట్టే కదా. ప్రబల్ ప్రకటనల్లో 50 మీటర్ల రేంజి అని చదివి మురిసిపోవద్దు. గుండు అంత దూరం పోతుందేమో గానీ పొట్టి గొట్టం రివాల్వర్‌తో అంత దూరంలో ఉన్నదాన్ని కొట్టడం అందరివల్లా అయ్యేది కాదు. ఏడెనిమిది మీటర్ల లోపలి ఆయుధంగా లెక్కేసుకోండి.

నెల్లూరు బంగారం వ్యాపారికైనా, ఒంగోలు పొగాకు వ్యాపారికైనా, చీమకుర్తి క్వారీ జీతాల డబ్బు మోసుకెళ్లేవారికైనా .32 పనికొస్తుంది. రివాల్వరా పిస్తోలా అంటే, ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా కాల్చని మనిషికి రివాల్వరే మేలు. ఒక తూటా తుస్సుమంటే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, పక్క తూటా ముందుకొస్తుంది. పిస్తోలులో అయితే స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) లాగి, పేలని తూటా బయటికి తోసి, ఇంకోటి ఎక్కించాలి. పైగా ఏసీపీకి పుట్టుకతో ఒక జబ్బుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి పడితే రెండూ లంకె వేసుకుంటాయి. ఆ తూటా ఇక కదలదు, స్లైడ్ ఎంత లాగినా రాదు. మ్యాగజైన్ దించి చేత్తో విడదీయాలి. అందుకే నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ దాని కింది తూటా అంచుకు ముందు ఉండేలా చూసి దించాలి. పొట్టి గుండు తూటాల్లో ఈ బాధ ఎక్కువ, పొడవు ఫుల్‌జాకెట్ (గుండంతా రాగి తొడుగు ఉన్న) తూటాలో తక్కువ.

పాత రివాల్వర్ కొంటున్నారా? ముందు తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్లతో చూడండి. మూసి, మూతి నేల వైపు ఉంచి, గుర్రం (హ్యామర్) పైకెత్తి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, తూటాలు పట్టే సిలిండర్‌ను అటూ ఇటూ కదిలించండి. వెంట్రుకవాసి కదలికతో ఫరవాలేదు. టకటకమని ఆడితే మాత్రం గది గొట్టానికి ఎదురుగా నిలబడడం లేదన్నమాట. అలాంటి దాంట్లో గుండు గొట్టం అంచును గీరుకుని సీసం పక్కకు చిమ్ముతుంది, పక్కన నిలబడ్డవాడి చెంప మీద పడుతుంది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులో విజిటింగ్ కార్డు దూరితే ఆ బేరం వదిలేయండి. మడత రకమైతే గొట్టం పట్టుకుని ఊపండి. కీలు దగ్గర శబ్దం వస్తే లాచ్ అరిగిందని అర్థం, ఆ అరుగుదలకు ఊళ్లో మరమ్మతు లేదు.

.38 స్పెషల్, .357

చట్టం ఒప్పుకుంటుంది, దెబ్బా బాగుంటుంది. ఎప్పుడో దిగుమతైన పాత రివాల్వర్లు మాత్రమే చేతులు మారుతుంటాయి, లక్షల్లో. తూటాలూ దిగుమతివే. డబ్బు, పరిచయాలు ఉన్నవాళ్ల సరదాకు సరే. మిగతావాళ్లు ఈ పేరా దాటేయొచ్చు.

.22 ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా కాల్చే తూటా ఇదే. 40 గ్రెయిన్ల సీసపు గుండు, చప్పుడు తక్కువ, తన్నుడు లేదు. సాధనకు దీన్ని మించింది లేదు. ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లోనే సాధనకు దారి ఉంది. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు గురి సాధన కోసం తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. పిల్లాణ్ని షూటింగ్ పోటీలకు తయారు చేస్తుంటే వేరే ఆలోచన అక్కర్లేదు. ముందు 4.5 ఎం.ఎం. ఎయిర్ రైఫిల్, తర్వాత .22. ఎయిర్ రైఫిల్ బోర్ .177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే లైసెన్సు బాధ కూడా లేదు.

రక్షణకు అంటే మాత్రం .22 రివాల్వర్ దండగల జాబితాలోకే. పొట్టి గొట్టంలో దాని వేగం పడిపోతుంది. అంతకంటే పెద్ద సమస్య ప్రైమర్‌ది. మిగతా తూటాల్లో ప్రైమర్ మధ్యలో బిళ్లలా ఉంటుంది. దీంట్లో పేలుడు మందును అంచు లోపల చుట్టూ పూస్తారు. పూత ఎక్కడైనా పలచబడి, సరిగ్గా అక్కడే పిన్ను తగిలిందంటే పేలదు. మిగతా తూటాల కంటే ఈ బాధ దీనికి ఎక్కువ. పేలనప్పుడు వెంటనే తెరవకండి. మూతి సురక్షితమైన వైపు ఉంచి అరనిమిషం ఆగండి, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ ఊరికే టక్కుటక్కుమనిపించడం కూడా దీనికి చేటు. తూటా లేనప్పుడు పిన్ను గది అంచునే కొట్టుకుంటుంది, ఆ అంచు సొట్ట పడుతుంది, తర్వాత తూటా దూరదు.

చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మూతి పైకెత్తి కాలిస్తే ఈ గుండు ఒకటిన్నర కిలోమీటరు దాకా పోతుంది. అల్లూరు, విడవలూరు వైపు చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఆ దూరంలో ఎన్ని కాపలా పాకలున్నాయో లెక్క పెట్టుకోండి.

రైఫిళ్లు: .315 ఎవరికి, .30-06 ఎవరికి

.315ను బయటి దేశాల వాళ్లు గుర్తు కూడా పట్టరు. 8×50 ఆర్ మాన్లిషర్ అంటే ఆస్ట్రియా పాత సైన్యం తూటా అని ఎవరో ఒకరు చెబుతారు. మన సైన్యం .303ను బయటివాళ్లకు ఇవ్వకూడదన్నారు కాబట్టి, అదే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌ను ఈ తూటాకు మలిచి ఇషాపూర్ ఫ్యాక్టరీ అమ్ముతూ వచ్చింది. ప్రపంచం మర్చిపోయినా మన అంగట్లో రైఫిల్ తూటా అంటే నేటికీ ఇదే. 244 గ్రెయిన్ల బరువైన మెత్తటి ముక్కు గుండు. వంద మీటర్ల లోపు దేనికైనా సరిపోతుంది.

.30-06 (థర్టీ ఓ సిక్స్) అమెరికా సైన్యం 1906లో తీసుకున్న తూటా. గుండు తేలిక, వేగం ఎక్కువ, శక్తి 3,800 జౌళ్ల దాకా. దూరానికి ఇదే మేలు, అందులో సందేహం లేదు. అయితే ఆ దూరం మన దగ్గర ఎక్కడుంది? ఈ గుండు నాలుగైదు కిలోమీటర్లు పోగలదు. కోవూరు, ఇందుకూరుపేట మాగాణిలో నేల పలకలా ఉంటుంది. గుండును ఆపే మట్టిదిబ్బ కూడా ఉండదు, ఉన్న గట్టు మోకాలెత్తు. అలాంటి చోట .30-06 అయినా .315 అయినా రెండూ దండగే. దండగ అనడం కూడా చిన్నమాట, అవి అక్కడ ప్రమాదం.

పడమటి మెట్టలో ఉదయగిరి, సీతారామపురం, సీఎస్ పురం, పామూరు వైపు వెలిగొండ వాలు ఉంటుంది కాబట్టి వెనక కొండ దొరుకుతుంది. కానీ అది రాతికొండ. మట్టికి తగిలిన గుండు ఆగుతుంది, బండకు తగిలింది జారి ఏ దిక్కుకో లేస్తుంది. ఎత్తు మీద నిలబడి కిందికి కాల్చడమే పద్ధతి. అప్పుడు తప్పిన గుండు పదీ ఇరవై మీటర్లలో నేలలో దిగుతుంది. ఈ ప్రాంతాల్లో రైఫిలే కావాలనుకుంటే .315 చాలు. .30-06 మీద పెట్టే అదనపు డబ్బుకు ఇక్కడ ప్రతిఫలం లేదు.

12 బోర్, దాని తమ్ముళ్లు

ఇంక అసలు సరుకు. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం 12 బోర్, సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు చేస్తే 16, ఇరవై చేస్తే 20. అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. .410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది అంగుళాల కొలత.

పంట కాపలాకు, ఇంటి కాపలాకు, బ్యాంకు గార్డుకు, రొయ్యల గుంట మోటారు షెడ్డుకు, అన్నిటికీ మొదట చూడాల్సింది 12. సింగిల్ అయినా డబుల్ అయినా తూటా దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది, అదీ రకరకాల గుళ్లతో (తూటాలో నింపే సీసపు గుండ్లతో). చట్టమూ దీనికి అనుకూలమే. రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్న బోర్ అడిగితే లైసెన్సు ఇవ్వాలన్నది ఆ 13వ సెక్షన్‌లోని మాటే. పంట రక్షణకు మొదట చెప్పేది మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారి ఒప్పుకుంటే నున్న బోర్ ఇవ్వొచ్చు. దరఖాస్తులో ఎందుకు చాలదో రాయాలి. వానలో మందు తడుస్తుంది, రెండోసారి కూరడానికి టైం పడుతుంది అని రాస్తే సరిపోతుంది.

గుళ్ల సంగతి. ఎస్‌జీ అనే రకం తూటాలో తొమ్మిది పెద్ద గుళ్లుంటాయి, ఒక్కోటి ఎనిమిది మిల్లీమీటర్ల పైన. ఎల్‌జీలో ఆరు, ఇంకా లావు. గొట్టం దాటాక మీటరుకు రెండున్నర, మూడు సెంటీమీటర్ల చొప్పున విడిపోతాయి. ముప్పై మీటర్లకు వచ్చేసరికి మీటరుకు కాస్త తక్కువ వెడల్పులో చెదురుతాయి. నలభై దాటితే ఎక్కడో ఒక గుండు తగులుతుంది తప్ప పని జరగదు. నాలుగు, ఆరు నంబరు సన్న గుళ్లు పిట్టల వేట కాలానివి. పిట్టల్ని కొట్టడం నేరం కాబట్టి అవి ఇప్పుడు రేంజిలో గాల్లోకి విసిరే మట్టి పళ్లేలు పగలగొట్టడానికే. రొయ్యల గుంటలో నీటికాకుల బెడదకు తుపాకీ అడిగేవాళ్లు ఆ ఆలోచన మానుకుని గుంట మీద నైలాన్ దారాలు కట్టుకోవడం మంచిది.

12లో కూడా దండగ కొనుగోలు ఉంది. గొట్టం ఒకటే గానీ గది పొడవు మూడు రకాలు: 65, 70, 76 మిల్లీమీటర్లు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు 65వి. గొట్టాలు విడదీసి అడుగు చదును భాగం చూడండి. రెండున్నర అంగుళాలని గానీ, వజ్రం గుర్తులో 12, కింద సి అని గానీ ఉంటే అది పొట్టి గది అనే అనుకోవాలి. 70 తూటా అందులో నిక్షేపంగా దూరుతుంది, అదే మోసం. పేలినప్పుడు మూతి మడత విచ్చుకోడానికి చోటుండదు, గొట్టం ఇరుకైన చోట్లోకి విచ్చుకుంటుంది, పీడనం పెరుగుతుంది. వందేళ్ల తుపాకీకి ఒక్కో తూటా ఒక్కో పరీక్ష. గొట్టం మీద చెక్క ఈనెల్లాంటి చారలు కనిపిస్తే అది డమాస్కస్ (ఇనుము, ఉక్కు మెలిపెట్టి చేసిన గొట్టం), నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కాలం నాటిది. ఇప్పటి తూటా అందులో వేయకూడదు, గోడకు తగిలించుకోవాలి.

16 బోర్ తుపాకీ చేతికి హాయిగా ఉంటుంది, తూకం బాగుంటుంది. తూటా మాత్రం దొరకదు. పాత ఇళ్లలో ఉన్న 16లు అన్నీ ఈ ఒక్క కారణంతో దండగే. 20 బోర్‌తో ఇంకో గండం. ఇంట్లో 12, 20 రెండూ ఉండి తూటాలు ఒకే డబ్బాలో పడ్డాయనుకోండి. 20 తూటా 12 గొట్టంలోకి జారి, గదిని దాటి, గొట్టంలో కాస్త ముందుకు పోయి ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే గది ఖాళీ. తూటా వేయడం మర్చిపోయామనుకుని ఇంకో 12 వేసి కాలిస్తే గొట్టం ఎడమ చెయ్యి పట్టుకున్న చోటే పగులుతుంది. ఈ ప్రమాదం తెలిసే 20 తూటాలకు పసుపు రంగు వేస్తారు. ఇంట్లో రెండు బోర్లూ పెట్టుకోకపోవడమే మంచి ఉపాయం.

.410 సంగతి ఇంకా తిరకాసు. పోలీసుల కోసం .303 రైఫిళ్లను మార్చి .410 మస్కెట్లు చేశారు. ఆ మస్కెట్ తూటా పట్టే ఏ తుపాకీ అయినా నిషేధిత జాబితాలో ఉంది. మీరు కొనేది అలాంటిది కాదని నిరూపించుకునే భారం, తూటా కోసం తిరుగుడు, చివరికి 12లో సగం కూడా పట్టని గుళ్లు. .25 తర్వాత రెండో బహుమతి దీనికిస్తాం.

మన తీరం గాలిలో ఉప్పు, కార్తీకం దాకా వానలు. పాత కాగితం ఒర తూటాలు తేమకు ఉబ్బుతాయి. గొట్టాలు మడమ నుంచి విడదీసి చేతిలో పట్టుకుని తూటా జారవిడవండి. దానంతట అది అంచు దాకా కూర్చోవాలి, గొట్టం తిరగేస్తే దానంతట అది జారిపడాలి. బొటనవేలితో నొక్కాల్సి వస్తే అది తిరిగి రాదు, రెండో తూటాకు అడ్డం పడుతుంది. తోలు బెల్టు గూళ్లలో నెలల తరబడి ఉంచినా ఇత్తడికి పచ్చటి చిలుం పట్టి అదే బాధ వస్తుంది. గాలి దూరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి ఉంచండి.

పంది కోసమే తుపాకీ అడిగేవాళ్లకు

కంది, వేరుశనగ చేను ఒక్క రాత్రిలో దున్నేసిన పందిని చూసి తుపాకీ కోసం బయల్దేరేవాళ్లు ఎక్కువ. ముందు తెలుసుకోవాల్సింది బోర్ కాదు. అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. 2022 సవరణ తర్వాత, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ షెడ్యూలు అమల్లో ఉంది. అటవీశాఖ అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కాలిస్తే లైసెన్సు మిమ్మల్ని కాపాడదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఉన్న ఆయుధాన్ని అటవీశాఖ దగ్గర నమోదు చేయించాలి, కొత్త లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు ఒప్పుకోలు కావాలి. రాపూరు దగ్గర పెనుశిల నరసింహ అభయారణ్యం అంచు ఊళ్లు, దోర్నాల వైపు పులుల అభయారణ్యం అంచు ఊళ్లు ఈ లెక్కలోకి వస్తాయి. అనుమతి చేతికొచ్చాక బోర్ ప్రశ్న సులువే: 12, ఎస్‌జీ లేదా ఒంటి గుండు, పాతిక మీటర్ల లోపు. .32 రివాల్వర్‌తో పందిని కొడదామనుకోవడం బుద్ధితక్కువ. దెబ్బ తిన్న పంది పారిపోకుండా తిరిగి మీదికి రావచ్చు.

బెదిరించడానికి గాల్లోకి కాలిస్తే చాలు కదా అనేవాళ్లుంటారు. పైకి పోయిన గుండు ఎక్కడో దిగాలి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు గాల్లోకి కాల్చడాన్ని కూడా 2019 సవరణ నేరం చేసింది. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చప్పుడే కావాలంటే టపాకాయలు చౌక.

అంగడి మెట్లు ఎక్కే ముందు

లైసెన్సు పుస్తకంలో ఆయుధం రకం, యూఐఎన్ (లైసెన్సుదారు విశిష్ట గుర్తింపు) నంబరు, దాని పక్కన తూటాలకు రెండు అంకెలు ఉంటాయి: ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనొచ్చు. రెండో అంకె మరీ తక్కువ రాయించుకుంటే ఎంత మంచి బోర్ కొన్నా సాధనకు తూటా మిగలదు. దరఖాస్తులోనే సాధన అవసరమని రాసి అడగండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధం స్టేషన్లో అప్పగించమంటే రసీదులో క్రమసంఖ్య, తూటాల లెక్క రాయించుకోండి. తిరిగొచ్చాక గొట్టంలోకి దీపం పెట్టి చూడండి. నూనె లేకుండా వానాకాలమంతా స్టేషన్ గదిలో ఉంటే ఏ బోర్ అయినా తుప్పే. ఇచ్చే ముందు గొట్టం తుడిచి పలచగా నూనె రాసి, అట్టముక్క మీద "గొట్టంలో నూనె ఉంది, తుడిచి కాల్చాలి" అని రాసి కట్టండి. నూనె నిండిన గొట్టంలో కాలిస్తే గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది.